కర్ణుడి చావుకి ఏడో కారణం

కర్ణుడి చావుకి ఆరుగురు కారణమని మనకో చాటుపద్యం ఉంది కదా. అర్జునుడు, కృష్ణుడు, వరం అడిగిన కుంతి, కవచకుండలాలు పట్టుకుపోయిన ఇంద్రుడు, రథచక్రాన్ని పట్టేసిన భూమి, శాపమిచ్చిన పరశురాముడు. మా చిన్నప్పుడు విశాఖపట్నం మల్కాపురంలో ఆ పద్యం రానివాళ్ళు తక్కువ. సంతకం రానివాళ్ళకి కూడా పద్యం వచ్చేది, అదో చిత్రం. ఎవరి ఇల్లు అప్పుల్లో మునిగినా, ఎవరి కొడుకు పరీక్ష తప్పినా అరుగు మీద పెద్దవాళ్ళు "కర్ణుడి చావుకి కారణాలు అనేకం" అనేసి ఆ సంగతి అక్కడితో వదిలేసేవారు. ఆ లెక్కలో ఒక పేరు తగ్గిందని నాకు మొదట చెప్పినాయన తెలుగు పండితుడేం కాదు, షిప్‌యార్డులో ఫిట్టరు.

"ఆరుగురూ ఉన్నారు, బావుంది. మరి ఏడోవోడేడిరా? కర్ణుడి పేరేదీ అందులో?" అన్నాడు.

ఆయన పేరు రాయను. మా వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు ఎలాగూ లేరు, అందరికీ 'దుర్యోధనుడు మావయ్య'. వాళ్ళావిడని కూడా కూరగాయల బండివాడు "దుర్యోధనుడిగారి అమ్మా" అనేవాడు, ఆవిడ పలికేది. వాళ్ళ నాన్న కూడా సింధియాలోనే పనిచేశాడట. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ మొదలుపెట్టిన యార్డు అది, 1948లో నెహ్రూ వచ్చి 'జల ఉష' ఓడని నీళ్ళలోకి దింపింది అక్కడే. తర్వాత గవర్నమెంటు తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు అయినా మా వాళ్ళ నోట్లో అది సింధియాయే. పక్కనున్న 1957 నాటి రిఫైనరీకి పేరు మారిపోయినా కాల్‌టెక్స్ కాల్‌టెక్సే. మా వైపు అంతే, మొదటి పేరు ఒకసారి నోటికెక్కితే మరి దిగదు.

శివరాత్రికి మా పేటలో పద్యనాటకం ఉండేది. తిరుపతి వెంకటకవుల పాండవోద్యోగ విజయాలే, ఏటా అవే. ఉత్తరాంధ్రలో ఈ నాటకం చూసినవాళ్ళకి తెలుసు, ఒకే రాత్రిలో కృష్ణుళ్ళు మారిపోతుంటారు. పడకసీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు, డబ్బులు బాగా పోగైన ఏడాది మూడో కృష్ణుడు. ఎవరి పద్యం వాళ్ళది, ఎవరి రాగం వాళ్ళది, ఎవరి చదివింపులు వాళ్ళవి. మాకు మాత్రం దుర్యోధనుడు ఒక్కడే, ఎందుకంటే రెండోవాడిని తెచ్చే స్తోమత కమిటీకి ఉండేది కాదు, పైగా మావయ్య ఊరివాడు కాబట్టి భోజనం పెట్టి శాలువా కప్పితే సరిపోయేది. దాంతో ఏమయ్యేదంటే, తెల్లవార్లూ స్టేజీ మీద కృష్ణుళ్ళు వచ్చి పోతున్నా దుర్యోధనుడు అలాగే నిలబడి ఉండేవాడు. ఆ ఒక్కడి కథే జరుగుతున్నట్టు ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ బీద కమిటీ తెలియకుండానే ఆ నాటకాన్ని దుర్యోధనుడి నాటకం చేసేసింది.

మేకప్ వేసుకుంటుంటే చూడ్డానికి మమ్మల్ని రానిచ్చేవాడు. ముద్దశంఖం నూరి కొబ్బరినూనెలో కలిపి మొహానికి పట్టించి, బుగ్గలకి ఇంగిలీకం రాసి, దివిటీ మసితో మీసం దిద్దేవారు. అంతా అయ్యాక వేళ్ళకి గాజురాళ్ళ ఉంగరాలు తొడిగేవారు. గోళ్ళ సందుల్లో మాత్రం గ్రీజు మరకలు అలాగే ఉండేవి, కిరసనాయిలు పెట్టి తోమినా పోయేవి కావు. హస్తినాపురం మహారాజు చెయ్యి ఎత్తి పద్యం అందుకుంటే ముందు వరసలో కూర్చున్న మాకు ఆ నల్ల గోళ్ళు కనిపించేవి.

పడకసీను చాలామంది కృష్ణుడి కోసం చూస్తారు. 'బావా' అని పలకరించే పద్యం ఎప్పుడొస్తుందా, హార్మోనియం ఎప్పుడు అందుకుంటుందా, వన్స్ మోర్ ఎన్నిసార్లు కొట్టించాలా అని. మావయ్య మాత్రం ఆ పద్యానికి ముందు, మాటా పాటా లేని ఒక ముక్క చేసేవాడు. ద్వారకలో కృష్ణుడు పడుకుని ఉంటాడు. యుద్ధానికి సాయం అడగడానికి దుర్యోధనుడే ముందొస్తాడు, అర్జునుడు తర్వాత. ముందొచ్చిన దుర్యోధనుడు ఎక్కడ కూర్చోవాలి? తలవైపు సింహాసనం ఉంది. కాళ్ళవైపు ఖాళీ ఉంది. మావయ్య లోపలికొచ్చి ఒక్క క్షణం కాళ్ళవైపు చూసేవాడు, రెండడుగులు అటు వేసేవాడు కూడా. అప్పుడు కిరీటం సర్దుకునేవాడు. సర్దుకోగానే ఒళ్ళు బిగుసుకునేది, తిరిగి వచ్చి తలవైపు కూర్చునేవాడు. అంతే. కృష్ణుడు కళ్ళు తెరిచేసరికి కాళ్ళ దగ్గరున్న అర్జునుడే ముందు కనిపిస్తాడు, కోరుకునే వంతు కూడా ముందు అర్జునుడికే వెళుతుంది, ఆ తర్వాత కథ మీకు తెలిసిందే. పద్దెనిమిది రోజుల యుద్ధం ఆ కుర్చీ దగ్గరే తేలిపోయింది.

"మరి కాళ్ళకాడ కూకోవచ్చు కదా మావయ్యా" అని అడిగాను నేను. అప్పుడు ఆరో ఏడో చదువుతున్నాను.

"కూకుంటే ఆడు దుర్యోధనుడెలాగవుతాడురా? కాళ్ళకాడ కూకున్నోడికి నువ్వు చప్పట్లు కొడతావేటి?" అన్నాడు.

ఇంకోమాట కూడా అన్నాడు, అది నాకు ఇంకా బాగా గుర్తు. అర్జునుడు ఆయుధం పట్టని కృష్ణుడిని కోరుకుంటే, మిగిలిన సైన్యమంతా దుర్యోధనుడికి వస్తుంది కదా. ఆ కబురు విన్న దుర్యోధనుడు సంతోషంగా బయటికి వెళ్ళాలట. వేరే ఊరి దుర్యోధనులు అక్కడ కోపంగా, మూతి ముడుచుకుని వెళ్ళిపోతే మావయ్యకి ఒళ్ళు మండేది. "ఓడిపోయినట్టు ఆడికి తెల్దు కదరా. ఏడుస్తూ ఎల్లిపోతే ఇంకేటుంది సూడ్డానికి? నవ్వుతూ ఎల్లాల. జనానికి తెలవాల, ఆడికి తెలవకూడదు."

1977 సంక్రాంతికి దాన వీర శూర కర్ణ వచ్చాక మా పేటలో దుర్యోధనుడి లెక్కే మారిపోయింది. దాదాపు నాలుగు గంటల సినిమా, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ ముగ్గురూ ఎన్టీఆరే, పైగా దర్శకుడు కూడా. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సభ డైలాగు, కర్ణుడిని సూతపుత్రుడన్నప్పుడు కులం మీద దుర్యోధనుడు విరుచుకుపడే డైలాగు, మా ఈడు కుర్రాళ్ళందరికీ అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ఆ సినిమా చూసి వచ్చి దుర్యోధనుడి మీద కోపంగా ఉన్నవాడిని నేను ఒక్కడినీ చూడలేదు. మావయ్యకి ఆ సినిమా అంటే ఇష్టమూ ఉండేది, కొంచెం కుళ్ళూ ఉండేది. "ఆయనకి తెర ఉంది, క్లోజప్పుంది. మనకి గద ఒక్కటుంది, అదీ అట్టది" అనేవాడు.

తర్వాత చాలా ఏళ్ళకి, ఎనభైల చివర్లో, ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. ఇంగ్లీషులో చేరాను. మల్కాపురం నుంచి వాల్తేరు అప్‌ల్యాండ్స్‌కి రెండు బస్సులు మారి వెళ్ళడం, కాల్‌టెక్స్ వాసన ఒంటి మీదే ఉందేమోనని బస్సు దిగాక చొక్కా దులుపుకోవడం. 1926లో పుట్టిన యూనివర్సిటీ, రాతి కట్టడాలు, కిటికీలోంచి సముద్రపు గాలి. మా వీధి నుంచి అక్కడికి వెళ్ళిన కుర్రాళ్ళు తక్కువ కాబట్టి మొదట్లో నోరు విప్పేవాడిని కాను.

అప్పట్లో షేక్‌స్పియర్ పేపరుకి బజారు నోట్సులు దొరికేవి. ట్రాజిక్ హీరో అంటే వాడికో లోపం ఉండాలి, ఆ లోపం వల్ల వాడు పడిపోవాలి, అంతే సూత్రం. హామ్లెట్‌కి తాత్సారం, ఒథెల్లోకి అసూయ, మాక్‌బెత్‌కి ఆశ, లియర్ రాజుకి కోపం. మేమందరం బట్టీపట్టేశాం. మా షేక్‌స్పియర్ మాస్టారు ఒకరోజు మా ఆన్సర్లు దిద్ది తెచ్చి టేబుల్ మీద పడేసి, "మీరు రాసింది సాహిత్యం కాదు నాయనా, కేజీహెచ్ ఆసుపత్రిలో ఇచ్చే ఓపీ చీటీ. ఒక్కో పేషెంటుకీ ఒక్కో జబ్బు పేరు రాసి పంపించేశారు" అన్నారు. క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

ఆ తర్వాత ఆయన చెప్పిన పాఠం నాకు ఎం.ఏ. మొత్తం మీద మిగిలిన పాఠం. ముందు అరిస్టాటిల్ దగ్గర మొదలుపెట్టారు. క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలో ఆయన అన్నదేమిటంటే, మరీ ధర్మాత్ముడు నాశనమైతే మనకి ఒళ్ళు మండుతుంది, మరీ దుర్మార్గుడు నాశనమైతే పీడ విరగడైంది అనుకుంటాం, ఈ రెండింటికీ మధ్య మనిషి, పేరూ ప్రతిష్ఠా ఉన్నవాడు, దుర్మార్గం వల్ల కాకుండా ఏదో పొరపాటు వల్ల కూలిపోతేనే మనకి జాలీ భయమూ రెండూ కలుగుతాయి అని. తర్వాత షేక్‌స్పియర్ విషాద నాటకాల మీద 1904లో వచ్చిన బ్రాడ్లీ పుస్తకం. షేక్‌స్పియర్ నాయకులందరూ ఒకే వైపు విపరీతంగా మొగ్గి ఉంటారని, మనిషి మొత్తం ఒకే కోరికలోనో ఒకే అలవాటులోనో కూరుకుపోయి ఉంటాడని, ఆ మొగ్గే వాడి గొప్పతనమూ వాడి చావూ అని ఆయన వాదం.

ఇదంతా చెప్పి మాస్టారు ఒక తమాషా చేశారు. "హామ్లెట్ నాటకంలోంచి హామ్లెట్‌ని తీసేసి ఒథెల్లోని పెట్టండి. ఏమవుతుంది?" ఎవరూ మాట్లాడలేదు. "నాన్న దెయ్యం కనిపించి నన్ను చంపింది మీ బాబాయే అనగానే ఒథెల్లో కత్తి తీసుకుని వెళ్ళి మొదటి అంకంలోనే బాబాయి పని పట్టేస్తాడు. నాటకం అయిపోయింది, ఇళ్ళకి పొండి. ఇప్పుడు ఒథెల్లో స్థానంలో హామ్లెట్‌ని పెట్టండి. ఇయాగో వచ్చి నీ పెళ్ళాం మంచిది కాదు అంటే హామ్లెట్ ఏం చేస్తాడు? ఆలోచిస్తాడు. ఇయాగోనే అనుమానిస్తాడు. వాడి చేత పది ప్రశ్నలకి సమాధానం చెప్పిస్తాడు. డెస్డెమోనా బతికిపోతుంది. మరి వీళ్ళకున్నవి లోపాలా, గుణాలా?"

నాకు అప్పుడు కళ్ళముందు కనిపించింది షేక్‌స్పియర్ కాదు, కిరీటం సర్దుకుంటున్న మావయ్య.

ఆ ఆదివారం మావయ్యకి ఒథెల్లో కథ చెప్పాను. సింధియా గేటు దగ్గర టీ కొట్టు బల్ల మీద కూర్చుని, పూసగుచ్చినట్టు. ఒథెల్లో అసూయపరుడని నోట్సులో ఉంటుంది గానీ చివర్లో వాడే తన గురించి తాను చెప్పుకుంటాడు, నేను తొందరగా అసూయపడే రకం కాదని, పడేలా చేశారని. నిజమే. వాడి అసలు గుణం నమ్మడం. యుద్ధరంగంలో పక్కవాడిని నమ్మకపోతే సైన్యాధిపతి బతకడు. నమ్మినవాడి మాట విని వెంటనే తేల్చేయడం, అటో ఇటో, మధ్యలో నాన్చకపోవడం. ఆ గుణం చూసే వెనిస్ వాడికి ఓడలూ సైన్యమూ అప్పగించింది. అదే గుణం ఇంట్లోకి తెచ్చుకున్నాడు. నిజాయితీపరుడు అని వాడు ఇయాగోని ఎన్నిసార్లు అంటాడో, అన్నప్పుడల్లా చూసేవాడికి కడుపులో తిప్పుతుంది.

మావయ్య శ్రద్ధగా విన్నాడు. ఇయాగో రాగానే "శకుని" అన్నాడు. చేతిరుమాలు సంగతి రాగానే "ఆ గుడ్డముక్క తీసిందెవరు?" అని అడిగాడు. ఇయాగో పెళ్ళామే, ఎమీలియా, కిందపడితే తీసి మొగుడికి ఇచ్చిందని చెప్పాను. "ఆవిడ ముందే నోరిప్పితే పోను" అన్నాడు. చివర్లో ఒథెల్లో నల్లవాడని, వేరే దేశంవాడని, వెనిస్‌లో వాడి వెనకాల అందరూ గుసగుసలాడుకుంటారని చెప్తే టీ గ్లాసు బల్ల మీద పెట్టేసి, "అయితే ఆడు దుర్యోధనుడు కాదురా, కర్ణుడు. ఊరంతా ఈడు మనోడు కాదంటుంటే నాకు నువ్వున్నావని ఒక్కడన్నాడు. ఇంక ఆడు సెప్పింది కాదనగలడేటి?" అన్నాడు. నేను ఆ మాట మర్నాడు మా మాస్టారికి నా మాటగా చెప్పి మెప్పు కొట్టేశాను. ఫిట్టరు మావయ్య అన్నాడంటే ఆయన ఇంకా సంతోషించేవారేమో.

గ్రీకు నాటకంలోని ఈడిపస్ కథ మాత్రం మావయ్యకి చెప్పలేదు. తెలియకుండా తండ్రిని చంపి తల్లిని పెళ్ళాడిన కథ టీ కొట్టు దగ్గర ఎలా చెప్తాం? కానీ మనిషిని ఎక్కించిన గుణమే వాడిని కూల్చేస్తుందన్న మాటకి, నా లెక్కలో, అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు. స్ఫింక్స్ పొడుపుకథ విప్పి తీబ్స్‌ని కాపాడి రాజయ్యాడు. అంటే, ప్రశ్న కనిపిస్తే జవాబు దొరికేదాకా వదలకపోవడమే వాడిని గద్దెనెక్కించింది. ఊరికి తెగులు పట్టుకుంటే పాత రాజుని చంపినవాడెవడో తేల్చమంటారు. వద్దని గుడ్డి జోస్యుడు అంటాడు, ఇక చాలని పెళ్ళాం జొకాస్టా బతిమాలుతుంది. వాడు ఆపడు. ఆపితే ఈడిపస్ కాడు. జోస్యం ముందే ఉంది కాబట్టి అంతా విధి అని మనం తేలిగ్గా అనేస్తాం గానీ, ఆ రోజు ఆ వాకబు చెయ్యమని వాడిని ఏ దేవుడూ తోయలేదు.

ఇక్కడే మళ్ళీ కర్ణుడి దగ్గరికి రావాలి. మనకి శాపాలు ఎక్కువ. శాపం ఒక సుఖం, దాని వెనకాల మనిషి దాక్కోవచ్చు. కవచకుండలాల సంగతే చూడండి, ఇంద్రుడు మోసం చేశాడని అందరం అంటాం. కానీ ఇంద్రుడు బ్రాహ్మణ వేషంలో వస్తాడని, ఇవ్వొద్దని సూర్యుడు ముందే కలలో చెప్పాడు. కర్ణుడు తెలిసే ఇచ్చాడు. అడిగినవాడికి లేదనను అన్న పేరు ప్రాణం కన్నా ముఖ్యమనుకున్నాడు. అలాగే కృష్ణుడు పుట్టుక రహస్యం చెప్పి పట్టం కడతానంటే కాదన్నాడు, పెంచిన రాధనీ నమ్మిన దుర్యోధనుడినీ వదలనన్నాడు. ఈ రెండు చోట్లా మనం చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. ఇంకో చోట చూడండి. రథికుల లెక్కలో భీష్ముడు అర్ధరథుడని అవమానిస్తే, ఆయన పడేదాకా నేను యుద్ధానికి రానని భీష్మించుకు కూర్చున్నాడు. భీష్ముడు 10 రోజులు సేనాపతి. ఆ 10 రోజులూ కౌరవుల దగ్గర కర్ణుడు లేడు. ప్రాణాలిస్తానన్న స్నేహితుడికి సగానికి పైగా యుద్ధంలో సాయం లేకుండా చేసింది పరశురాముడి శాపం కాదు కదా. ఇచ్చిన మాట మీద నిలబడటమే అదీ, కాకపోతే ఈసారి ఆ మాట తన పరువు కోసం.

దీని మీద నాకూ నా క్లాస్‌మేట్ ఒకావిడకీ బీచ్‌లో పెద్ద గొడవైంది. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని మొదలుపెట్టిన వాదన, పొట్లాలు అయిపోయి ఆఖరి బస్సు టైమయ్యేదాకా సాగింది. ఆవిడ అన్నదిది. నువ్వు చెప్పే లోపాలన్నీ ముచ్చటైన లోపాలు, దానగుణం, కృతజ్ఞత, పౌరుషం. మరి నిండు సభలో ద్రౌపదిని కులటని అని, బట్టలు ఒలవమని దుశ్శాసనుడికి చెప్పింది ఎవరు? కర్ణుడే కదా. అది ఏ గొప్ప గుణానికి రెండో వైపు? అది లోపం కాదు, నేరం. సినిమాలవాళ్ళు దాన్ని పక్కకి తోసి కర్ణుడిని మహాత్ముడిని చేస్తే నువ్వు చప్పట్లు కొడుతున్నావు అంది.

నా జవాబు ఏమిటంటే, స్వయంవరం నాటి నుంచీ వాడికి తగిలిన దెబ్బ అది, తనని దించినవాళ్ళని దించాలన్న కసి అక్కడ బయటపడింది, దుర్యోధనుడి సంతోషమే తన ధర్మం అనుకున్న మనిషి ఆ సభలో అంతకన్నా ఏం మాట్లాడతాడు అని. ఆవిడ ఒప్పుకోలేదు. ఇప్పుడు నాకూ సగమే ఒప్పుదలగా ఉంది. హీరో పడిపోవడానికి కారణం చెప్పడం వేరు, వాడు తోసేసినవాళ్ళని మర్చిపోవడం వేరు. ఒథెల్లో గురించి మాట్లాడినంత డెస్డెమోనా గురించి మాట్లాడతామా మనం?

ఆవిడే నాకు రావిశాస్త్రి గారి అల్పజీవి నవల చదవమని ఇచ్చింది. రాసింది మన ఊరి వకీలు, అందులోవి మన ఊరి వీధులు. సుబ్బయ్య అనే గుమాస్తా, వాడికి అందరన్నా భయం, ఆఫీసులో భయం, ఇంట్లో భయం, ఎదురుగా ఎవరైనా గట్టిగా మాట్లాడితే లోపల్లోపల వాడి బుర్ర పరుగులు పెడుతుంది, నోట్లోంచి మాట రాదు. వీడు ట్రాజిక్ హీరోయేనా అని మళ్ళీ వాదన. పడటానికి ముందు ఎక్కి ఉండాలి కదా, వీడు ఎక్కడా ఎక్కలేదు. 1949లో అమెరికా నాటకకర్త ఆర్థర్ మిల్లర్ మామూలు మనిషి కూడా రాజులంత విషాదానికి అర్హుడేనని వ్యాసం రాశాడు గానీ, ఆయన అడిగింది తన పరువు కోసం అన్నీ ఒడ్డే మామూలు మనిషిని. సుబ్బయ్య ఏదీ ఒడ్డడు. అందుకే సుబ్బయ్యని చదువుతుంటే నాకు జాలి కన్నా టెన్షన్ ఎక్కువ, ఎక్కడో మన పేరు బయటపడుతుందేమో అన్నట్టు. ఆ లెక్కన గోపీచంద్ రాసిన అసమర్థుని జీవయాత్రలో సీతారామారావు నా కొలతకి సరిగ్గా సరిపోతాడు. వంశం పేరు నిలబెట్టాలని తండ్రి చెప్పిన మాట పట్టుకుని, అడిగినవాడికల్లా పెట్టి, ఆస్తంతా కరగబెట్టి, చేతిలో ఏమీ లేని రోజున కూడా తాను ఎవరికన్నానో ఎక్కువన్న భ్రమ వదల్లేక లోపల్లోపల పుచ్చిపోయాడు. కర్ణుడి దానం ఇరవయ్యో శతాబ్దంలో ఎలా ఉంటుందంటే అలా ఉంటుంది.

దేవదాసు మాత్రం నాకెప్పుడూ ఎక్కలేదు. 1953 సినిమాలో అక్కినేని ఎంత బాగా చేసినా సరే. తండ్రి ముందు ఒక్క మాట అనాల్సిన రోజున అనలేకపోయినవాడు తర్వాత ఎంత తాగితే ఏం? మా అమ్మ ఇది వింటే ఊరుకోదు, ఆవిడకి దేవదాసు దేవుడు.

మన సంస్కృత నాటకాల్లో చావుతో ముగిసేవి లేవని, ఒక్క భాసుడి ఊరుభంగం తప్ప అని మాస్టారు ఒకసారి ఆ కథ చెప్పారు. తొడలు విరిగి నేల మీద పడి ఉన్నాడు దుర్యోధనుడు. చిన్న కొడుకు దుర్జయుడు వెతుక్కుంటూ వస్తాడు, నాన్న ఒళ్ళో కూర్చుంటానంటాడు. వద్దంటాడు దుర్యోధనుడు. ఎందుకు వద్దని పిల్లవాడు అడుగుతాడు. నీకు అలవాటైన ఆ చోటు ఇక లేదు, ఇంకెక్కడైనా కూర్చో అంటాడు తండ్రి. ఆ తొడ మీదికేగా ద్రౌపదిని రమ్మని సైగ చేసింది. ఆ సంగతి భాసుడు గుర్తుచేయక్కర్లేదు, చూసేవాళ్ళందరికీ తెలుసు.

ఇది మాత్రం మావయ్యకి చెప్పకుండా ఉండలేకపోయాను. వింటూనే "ఇది మన నాటకంలో పెట్టించాల" అన్నాడు. హార్మోనిస్టు ఒప్పుకోలేదు, "అందులో పద్యమేదీ, రాగమెక్కడ తియ్యాల?" అని. నాటకాల కంట్రాక్టరు ఒప్పుకోలేదు, తెల్లవారుజామున నాలుగింటికి జనం లేచిపోతారని. మావయ్య పట్టుబట్టాడు, శాలువా కూడా వద్దన్నాడు, చివరికి ఆ ఏడాది శివరాత్రికి పెట్టించాడు. దుర్జయుడిగా వాళ్ళ ఎదురింటి కుర్రాడు, ఆరేళ్ళుంటాయి, అంత పొద్దుదాకా వాడిని మేలుకొలిపి ఉంచడానికి వాళ్ళమ్మ స్టేజీ వెనకాల బెల్లం అచ్చులు తినిపిస్తూ కూర్చుంది.

వాడు రావాలి, ఒళ్ళో కూర్చుంటానని అడగాలి, మావయ్య వద్దనాలి. వాడు వచ్చాడు. డైలాగు మర్చిపోయాడు. దీపాల వెలుగులో ఒకసారి జనం వైపు, ఒకసారి మావయ్య వైపు చూసి, నిద్రమత్తులో నేరుగా వచ్చి ఆ విరిగిన తొడల మీద కూర్చుండిపోయాడు. జనం ఘొల్లున నవ్వారు. హార్మోనిస్టు ఏం చెయ్యాలో తోచక ఏదో రాగం ఎత్తుకున్నాడు. మావయ్య వాడిని తొయ్యలేదు, అరవలేదు. రెండు చేతులూ వాడి చుట్టూ వేసి, వద్దనాల్సిన డైలాగు వాడి చెవిలో మెల్లగా చెప్పాడు, మైకు పైనుంచి వేలాడుతోంది కాబట్టి అది అందరికీ వినిపించింది.

నాటకం అయ్యాక మొహం కడుక్కుంటుంటే అడిగాను. "తొడలు విరిగాయి కదా మావయ్యా, వాడు కూర్చుంటే నొప్పని అరవాలి కదా?"

"గుంటడొచ్చి కూకున్నాక నొప్పేటిరా" అన్నాడు, కొబ్బరినూనె గుడ్డతో బుగ్గలు రుద్దుకుంటూ. తర్వాత, "రాజ్యం పోయినా ఆడు వద్దనలేకపోనాడనుకో. భాసుడికి తెలవకపోతే మనం సెప్దాం" అని నవ్వాడు.

మరుసటేడు కంట్రాక్టరు ఆ సీను తీసేయించి, ఆ టైములో ఇంకో కృష్ణుడిని పెట్టాడు.